ఉప్పు వకాల్తా

కోటు నా దగ్గరే ఉండిపోయింది,
ట్రంకుపెట్టెలో, ఎండు వేపాకు నడుమ.
కుడి జేబు మూలన ఇంకా ఉప్పు గరగర.

పొట్నూరు కూర్మారావు ప్లీడరుగారి గుమస్తాని.
టెక్కలి కోర్టు వరండాలో నాదొక మడతబల్ల,
దానిమీద తెలుగు టైపు మిషను.
దానికి 'క్ష' విరిగిపోయింది.
శిక్ష, సాక్షి, రక్షణ,
ఎక్కడొచ్చినా ఖాళీ వదిలి
తర్వాత నీలం సిరాతో నింపేవాణ్ణి.
మున్సబుగారొకసారి కళ్ళజోడు పైకెత్తి
"ఈ ఒక్క అక్షరానికే చేతిరాతేంటయ్యా?" అన్నారు.
అక్షరమన్నా ఖాళీయే నాకు.

ఎమర్జెన్సీ ఏడాది నౌపడ కొఠార్ల నుంచి
పదిహేడుమంది ఉప్పుకూలీల్ని లారీలో ఎక్కించుకుపోయారు.
కూలి పావలా పెంచమనడం రాజద్రోహమట.
ఊళ్ళో తొమ్మండుగురు ప్లీడర్లు.
ఎనిమిదిమందికి ఆ వారమే జ్వరాలు.
కరిమజ్జి పోలమ్మ వచ్చింది, పగిలిన అరికాళ్ళతో, నెత్తిన మూటతో.
"పైసల్లేవు బావూ. ఉప్పుంది."
ఆయన ఒక పలుకు తీసి నాలిక మీద వేసుకుని
"ఫీజు ముట్టింది. వకాల్తా రాయి అసిరయ్యా" అన్నారు.
ఇంకో గుప్పెడు కోటు జేబులో పోసుకున్నారు,
బఠాణీలు పోసుకున్నట్టు.

ఏడు వాయిదాలు నడిచింది కేసు.
ఎనిమిదో వాయిదాకి
ముద్దాయిల్లో పద్దెనిమిదోవాడు ఆయనే.
విశాఖ జైలు నుంచి కార్డు వచ్చేది.
పైన సెన్సారు ముద్ర, కింద ఒకే వాక్యం:
"మిషనుకి నూనె వెయ్యి."

బయటికొచ్చాక నిలబెట్టారు. గెలిచారు.
డిపాజిట్టు డబ్బు కొఠార్ల చందా, అంతా చిల్లర,
లెక్కపెట్టిన నా వేళ్ళు రెండురోజులు తెల్లగా ఉన్నాయి.
హైదరాబాదు నుంచి ఆయన ఉపన్యాసాల నకళ్ళు పోస్టులో అందేవి.
అధ్యక్షా, అధ్యక్షా, పేజీకి పన్నెండుసార్లు,
అచ్చులో ఎక్కడా ఖాళీ లేదు.
నాకెందుకో అదే వెలితిగా ఉండేది.

తర్వాత గాలి తిరిగింది. ఆయనవాళ్ళే గద్దెనెక్కారు.
తెల్ల అంబాసిడరు, దాని నెత్తిన ఎర్రబుగ్గ.
నన్ను పి.ఎ.గా రమ్మన్నారు.
ఇంగ్లీషు రాదన్నాను. అబద్ధం.

కొఠార్లని రొయ్యల చెరువులకి రాసిచ్చిన సంతకం
పెడుతుంటే నేను చూడలేదు. నకలు చూశాను.
'కూ'కి కొమ్ముదీర్ఘం ఎప్పట్లాగే బారుగా లాగి ఉంది.
పోలమ్మ శ్రీకాకుళం బంగళా ముందు మూడుపూటలు కూచుని
తిరిగొచ్చి నా బల్ల దగ్గర చతికిలబడింది.
"నానేటీ అడగనేదు. ఉప్పు పలుకొకటి లోనికి అంపినాను.
గేటుకాడ గుంటడు నాలిక మీదెట్టుకుని ఊసీసినాడు."

ఆ రాత్రి అర్జీ నేనే కొట్టాను.
రెండో ప్రతివాది ఆయన.
వేళ్ళు వణికాయా అంటే, లేదు.
ఖాళీలు నింపేటప్పుడు మాత్రం
కలం రెండుసార్లు ఎండిపోయింది.

ఆరువందల పన్నెండు ఓట్లతో పోయారు.
ఆ పైన రెండేళ్ళు ఎవరికీ కనబడలేదు.
మొన్న ఆషాఢంలో, జోరువానలో,
చెప్పులు చేత్తో పట్టుకుని వరండా మెట్లెక్కారు.
"కోటుందా?"
ఉంది. గుండీ పట్టలేదు.

కొత్త జడ్జిగారు, చిన్నపిల్ల, ఫైల్లోంచి తలెత్తకుండా
ఎన్‌రోల్‌మెంటు నంబరడిగారు.
ఆయన నోరు తెరిచారు. రాలేదు.
వెనక బెంచీ నుంచి నేనందించాను.
"ఎవరి పక్షం?" అన్నారామె.
ఆయన నా వైపు చూశారు.
నా పక్కన పోలమ్మ మనవరాలు, వాయిదాకొచ్చి,
తడిసిన కొంగు పిండుకుంటూ
"ఎవులు తాతా, ఆయన?" అంది.

సాయంత్రం కోటు నాకే ఇచ్చి వెళ్ళారు.
కుడి జేబు లోపలి గుడ్డ
బయటికి లాగి ఉంది.